మా మామ యాంటెనా పట్టుకున్న ఆదివారం

ఒక పెద్దమనిషిని, అందులోనూ రేపో మాపో పిల్లనివ్వాల్సిన మేనమామని, ఆదోని ఎండలో మేడ మీద నిలబెట్టి ఇనుప గొట్టం పట్టించిన ఘనుడు మీలో ఎవరైనా ఉన్నారా? ఉంటే చెయ్యెత్తండి, వచ్చి దండ వేసి పోతాను. ఎవరూ ఎత్తరని నాకు తెలుసు. ఆ ఘనత నా ఒక్కడిదే. పైగా తెలియక చేసిన పని కూడా కాదది. బెంగళూరు దాకా పోయి నేర్చుకున్న చదువంతా ఉపయోగించి, బాగా ఆలోచించి మరీ చేశాను. కొంప ఎంతవరకు మునిగిందో, నా పెళ్లి ఎంత అంచు దాకా పోయి వచ్చిందో ఇప్పుడు చెబుతాను. నవ్వు వస్తే మొహమాటపడి ఆపుకోకండి. మా ఇంట్లో ఇన్నేళ్లుగా ఎవరూ ఆపుకోవడం లేదు.

ఇది ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, మొన్న మా అన్న మనవడు లినక్స్ వేసిన తన ల్యాప్‌టాప్‌కి ఇంకో పెద్ద తెర తగిలించబోయాడు. ఎన్ని చేసినా తెర నల్లగానే ఉండిపోయింది. వాడు తల పట్టుకుని, "తాతా, నీకెప్పుడన్నా ఇట్లాంటి కష్టం వచ్చిందా?" అని అడిగాడు. వాడు అమాయకుడు, వాడికేం తెలుసు. ఆ కష్టం వాడి నాన్న పుట్టక ముందే నాకొచ్చి పోయింది.

అది ఎనభైల నాటి మాట. మాది ఎమ్మిగనూరు. మా నాయన మగ్గం నేసేవాడు. నేను డిగ్రీ పూర్తి చేసి బెంగళూరు పోయి, ఒక చిన్న శిక్షణ కేంద్రంలో కంప్యూటర్ నేర్చుకుని, అక్కడే పిల్లలకు నేర్పే పనిలో కుదిరాను. ఆ రోజుల్లో మా వైపు కంప్యూటర్ అనే మాట విన్నవాళ్లే తక్కువ. సెలవులకు ఊరికొస్తే, "వీడు బెంగుళూరులో ఏదో మిషను తోల్తాడంట" అని చెప్పుకునేవాళ్లు. నేను కాదనేవాణ్ని కాదు. తోలడం అనే మాటలో ఒక దర్జా ఉంది కదా.

మా అమ్మ అన్న వీరభద్రప్ప ఆదోనిలో పత్తి దలాలీ చేసేవాడు. రైతులు తెచ్చిన పత్తిలోంచి ఒక పింజ తీసి, రెండు చేతుల వేళ్ల మధ్య పట్టుకుని మెల్లగా లాగి, అది తెగిన తీరు చూసి ధర చెప్పేవాడు. మార్కెట్ యార్డులో ఆయన వేళ్ల మాటకు తిరుగు లేదు. అందుకే చేతికి తగిలేదే సరుకు, చేతికి తగలనిది మోసం అని ఆయన గట్టి నమ్మకం. ఆయన కూతురు పార్వతి. పార్వతికి నేనని, నాకు పార్వతని మేము పాకే రోజుల్లోనే మా అవ్వ తేల్చేసింది. మేమిద్దరం కూడా ఆ తీర్పుని ఎప్పుడూ తప్పుపట్టలేదు. నిజం చెప్పాలంటే, ఆదోని బస్సెక్కినప్పుడల్లా నాకు ఒళ్లు తేలికైపోయేది. ఆదోనిలో అంత తేలికైపోవడానికి వేరే కారణమేమీ లేదు.

అయితే కంప్యూటర్ నా కొంప ముంచింది. అల్లుడి పని ఏమిటో మామకు అర్థం కాలేదు. ఇంతలో హాలహర్వి నుంచి తిప్పన్న అనే సంబంధాల మధ్యవర్తి వచ్చి, బళ్లారిలో బ్యాంకులో పనిచేసే పిల్లవాడున్నాడని చెప్పాడు. బ్యాంకంటే మామకు బాగా అర్థమైంది. ఆ కబురు మా అమ్మ ద్వారా తెలిసి, నేను గుండె చేత్తో పట్టుకుని ఆదోని పోయాను.

మామ అన్నం తింటూ విచారణ మొదలుపెట్టాడు.

"ఏమబ్బీ, బెంగుళూరులో ఏం సేస్తాండావు?"

"కంప్యూటర్ పని మామా."

"అది ఇన్నాలే. దాంతో నువ్వేం సేస్తావు?"

"నేను ఎట్ల రాసిస్తే అది అట్ల చేస్తాది మామా."

"ఓహో. పని అది సేస్తాదా?"

"అవును మామా."

"మరి జీతం నీకిస్తారా, దానికిస్తారా?"

మా అత్త సరోజమ్మ నవ్వాపుకోలేక వంటింట్లోకి పోయింది. తలుపు వెనకాల పార్వతి గాజులు కూడా నవ్వాయి. నాకు రోషం వచ్చింది. నాకు రోషం వస్తే నోటికి కళ్లెం ఉండదు.

"మామా, ఆ మిషను ఈడికే తెస్తా. ఈ ఆదివారం నీ టీవీలో నీ పేరు తెప్పిస్తా. తెలుగులో."

"నా టీవీలోనా? నా పేరా?" మామ ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "వార్తల్లో సెప్పిస్తావా?"

"వార్తల్లో కాదు మామా. నేను చెయ్యి పెడితే అక్షరాలు తెర మీద కనపడతాయి."

మామ ముద్ద నోట్లో పెట్టుకుని నిదానంగా నమిలాడు. "సరే. తిప్పన్న కూడా ఆదివారమే వస్తాడు. ఆ దినం నేను మాట ఇయ్యల్ల. ఇయ్యకుంటే వాళ్లు సిరుగుప్పలో ఇంకో పిల్లను సూస్తారంట. నువ్వు సూపిచ్చినది పని అని నాకు తోస్తే, తిప్పన్నను ఉత్త సేతుల్తో పంపిస్తా. తోయకుంటే నువ్వు నోరు మూసుకొని పెండ్లికొచ్చి అన్నం వడ్డించల్ల."

అంతే. మామ పేరు తెర మీదికి రావాలి, ఆయన చూడాలి. లేకపోతే నా పార్వతి పెళ్లిలో నేను సాంబారు బకెట్ పట్టుకుని తిరగాలి.

వెంటనే బెంగళూరు పోయి, మా కేంద్రంలో ఒక స్నేహితుణ్ని బతిమాలి, అతని సొంత కంప్యూటర్ తెచ్చుకున్నాను. ఇప్పటివాళ్లకు చెప్పాలి: ఆ కంప్యూటర్‌కి తెర ఉండేది కాదు. మీటలున్న ఒక పలక, అంతే. దాన్ని టీవీకి తగిలిస్తేనే ఏదైనా కనిపించేది. మా అమ్మ పాత చీర ముక్కలో చుట్టి, ఒళ్లో పెట్టుకుని రైల్లో తెచ్చాను. గుంతకల్లులో పక్కన కూర్చున్న పెద్దాయన దాన్ని వేలితో తట్టి, "ఏమప్పా, ఇది భజనకు పనికొస్తాదా?" అన్నాడు. రాదని చెబితే, నేనేదో దాస్తున్నట్టు అటు తిరిగి కూర్చున్నాడు.

ఇక మామ టీవీ సంగతి వినండి. ఆ వీధికంతటికీ అదొక్కటే. కర్రపెట్టెలో ఉండేది, పెట్టెకు పక్కకు జరిగే తలుపులు, తలుపులకు తాళం, తాళంచెవి అత్త బొడ్లో. అది నలుపు తెలుపుల టీవీ. కానీ మామ తెర మీద రంగుల ప్లాస్టిక్ కాగితం ఒకటి అంటించాడు, పైన నీలం, మధ్యలో నారింజ, కింద పచ్చ. వార్తలు చదివే ఆవిడకు జుట్టు నీలంగా, ముఖం నారింజగా, చీర పచ్చగా కనిపించేది. ఆ వీధిలో అందరూ ఆవిడ అసలు రంగు అదేననుకునేవాళ్లు.

మేడ మీద యాంటెనా ఉండేది. దాన్ని మామే స్వయంగా నిలబెట్టాడు, ఇంకొకరు ముట్టడానికి లేదు. టీవీ ఉన్న ప్రతి ఇంట్లోనూ అప్పట్లో ఒక ఆచారం ఉండేది. బొమ్మ చెదిరితే ఒకరు మేడెక్కి గొట్టం తిప్పాలి, ఒకరు మెట్ల మీద నిలబడాలి, ఒకరు టీవీ ముందు కూర్చోవాలి. పైవాడు "వచ్చిందా?" అని అరుస్తాడు, మెట్ల మీద ఉన్నవాడు ఆ అరుపు కిందికి మోస్తాడు, కిందివాడు "రాలేదు" అంటాడు, ఆ మాట మళ్లీ పైకి పోతుంది. మామ ఇంట్లో పైన మామ, మెట్ల మీద పార్వతి. ఇది ఎంత అలవాటైపోయిందంటే, టీవీలో మనిషి తుమ్మినా ఎవరో ఒకరు మెట్లెక్కేవాళ్లు.

ఆదివారం వచ్చింది. సాయంత్రం సినిమాకి రావాల్సిన జనం మధ్యాహ్నమే వచ్చి చాపల మీద కూర్చున్నారు. అందరూ సాహుకారు అని పిలిచే మామ, తన పేరు టీవీలో వస్తుందని యార్డంతా చెప్పుకున్నాడు మరి. తిప్పన్న గొడుగు మోకాళ్ల మధ్య పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. అత్త కాఫీ ఇచ్చింది. ఆయన కాఫీ తాగుతూ నన్ను పైనుంచి కిందిదాకా చూసి, సగం కన్నడం కలిపిన తెలుగులో మొదలుపెట్టాడు.

"నోడప్పా, నాకు హాలహర్వి బస్సు ఉండాది. అది పోతే మళ్లీ రేపే. సాహుకారు మాట తీసుకొని పోవల్ల నేను. నీ ఆట బేగ కానీయ్."

నా ఆట అన్నాడు. మీరే చెప్పండి, ఒళ్లు మండదా?

నేను స్క్రూడ్రైవర్ పట్టుకుని టీవీ వెనక్కి దూరాను. అక్కడ యాంటెనా తీగ రెండు మరలకు బిగించి ఉంది. కంప్యూటర్ తీగ కూడా ఆ మరలకే తగలాలి. అందుకని యాంటెనా తీగ ఊడదీసి, ఎవరి కాళ్లకూ అడ్డం పడకుండా చక్కగా చుట్టి, గోడకున్న క్యాలెండర్ మేకుకు తగిలించాను. కంప్యూటర్ తీగ బిగించాను. ఈ మాట మీరు గుర్తుపెట్టుకోండి. ఎందుకంటే నేను వెంటనే మర్చిపోయాను.

టీవీ పెట్టాను. తెర నిండా చుక్కలు, బుసబుసమని చప్పుడు. టీవీ ముందు వరసగా మీటలుంటాయి, ఒక్కో మీట కింద ఒక చిన్న చక్రం. ఆ చక్రం మెల్లగా తిప్పితే కంప్యూటర్ పంపే బొమ్మ ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. బెంగళూరులో చిటికెలో దొరికేది. ఇక్కడ ఇటు తిప్పాను, అటు తిప్పాను, చుక్కలు పోలేదు.

"ఇదేనా కంప్యూటరంటే?" అన్నాడు తిప్పన్న. "మా ఇంట్లో జొన్నల డబ్బా మూత తీసినా ఇట్లే పురుగులు తిరుగుతాండాయి."

చాపల మీద అందరూ నవ్వారు. నా చెవులు వేడెక్కాయి. చక్రం మీద చెమట జారుతోంది.

అప్పుడు మా అత్త, ఆ ఇంట్లో ఎవరైనా అనే మాటే అంది. "బొమ్మ రాకుంటే మేడెక్కల్ల గదా. ఉత్తినే కూసుంటే వస్తాదా?"

నేనేం చేయాలి? "అత్తా, దీనికి యాంటెనాతో పని లేదు, దాని తీగ నేనే ఊడదీశాను" అని చెప్పాలి. అదే కదా నేను నేర్చుకున్న చదువు. కానీ టీవీ వచ్చినప్పటి నుంచీ మాకు నరనరానా పాకిన అలవాటు చదువు కంటే ముందు పరుగెత్తింది. నేను తల పైకెత్తి, అనుభవజ్ఞుడిలా అన్నాను.

"అవును మామా. యాంటెనా కొంచెం తిప్పల్ల."

మామ లేచాడు. పంచె ఎగ్గట్టాడు, తువ్వాలు తలకు చుట్టుకున్నాడు, చెప్పులు గడప దగ్గరే విడిచి మేడెక్కాడు. మేడ మీద అత్త వడియాలు ఆరబెట్టింది, వాటి మీద చెప్పులతో నడవకూడదు. పార్వతి ఎప్పటిలాగే మెట్ల మధ్యలో నిలబడింది. నేను టీవీ ముందు.

"వచ్చిందా అంటాండాడు నాయిన."

"రాలేదని చెప్పు."

"రాలేదంట నాయినా. పడమటికి తిప్పమంట."

"పార్వతీ, నేను పడమర అనలేదే."

"ఏదో ఒక దిక్కు చెప్పల్ల గదా బావా. ఉత్తగా రాలేదంటే నాయిన యాటికి తిప్పుతాడు?"

అదీ నిజమే అనిపించింది. పడమటికి తిప్పించాం. తర్వాత తూర్పుకు. తర్వాత, "మంత్రాలయం పక్కకు తిప్పి సూడమను, దేవుడన్నా కరుణిస్తాడేమో" అని చాప మీద నుంచి ఒకావిడ చెప్పింది. ఆ మాట కూడా పైకి పోయింది. మామ అటు కూడా తిప్పాడు. పైన ఇనుప గొట్టం కిర్రుమంటే కింద నేను చక్రం తిప్పేవాణ్ని. పైన ఆయన ఆగితే నేనూ ఆగేవాణ్ని. ఇద్దరం ఒకే బావిలో నీళ్లు తోడుతున్నట్టు కష్టపడ్డాం. తేడా ఏమిటంటే ఆయన తాడుకు బొక్కెన లేదు.

మళ్లీ ఒకసారి గొట్టం కిర్రుమంది. సరిగ్గా అప్పుడే నా వేలి కింద చక్రం ఒక వెంట్రుకవాసి జరిగింది. చుక్కలు చప్పున మాయమై, తెర శుభ్రంగా వెలిగింది. మూలన చిన్న గీత మిణుకుమిణుకుమంటూ నా కోసం ఎదురుచూస్తోంది.

ఎగిరి గంతేశాను. "వచ్చింది పార్వతీ. అట్లే పట్టుకోమను. కదిలించద్దని చెప్పు."

"వచ్చిందంట నాయినా. అట్లే పట్టుకోవల్లంట. గాలి కూడా పీల్చగూడదంట."

గాలి సంగతి నేను అనలేదు. కానీ అప్పుడు అదంతా పట్టించుకునే స్థితిలో లేను.

పేరు రాసే ప్రోగ్రాం క్యాసెట్‌లో ఉంది. టేప్‌రికార్డర్ కలిపి నొక్కితే, తలుపు సందులో పిల్లి తోక పడితే వచ్చే శబ్దం లాంటిది మొదలైంది. జనం చెవులు మూసుకున్నారు. "పాట పాడేదెవరప్పా?" అని తిప్పన్న గొడుగు చంకన పెట్టుకున్నాడు. చప్పుడు ఆగింది. నేను దేవుణ్ని తలుచుకుని మీట నొక్కాను.

ఒక్కొక్క చదరమే నిండుతూ అక్షరాలు రాసాగాయి. వీ వచ్చింది. ర వచ్చింది. అంతకు ముందే ఎన్నో రాత్రులు బెంగళూరు గదిలో కూర్చుని చదరాలు నింపి తయారుచేసిన తెలుగక్షరాలవి. వీరభద్ర దాకా పై వరసలో పట్టింది, ప్ప కింది వరసలోకి దిగింది. ప్లాస్టిక్ కాగితం పుణ్యమా అని వీరభద్రుడు నీలంగానూ, ప్ప నారింజగానూ వెలిగాయి.

"కలర్ కంప్యూటరప్పో" అని ఎవరో అన్నారు. చప్పట్లే చప్పట్లు. అత్త పరుగున పోయి కుంకుమ భరిణె తెచ్చి టీవీకి బొట్టు పెట్టింది, మరిచిపోకుండా కంప్యూటర్‌కి కూడా పెట్టింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ప్రపంచంలో నా అంత మొనగాడు లేడనిపించింది.

అప్పుడు గుర్తొచ్చింది. ఎవరికి చూపించాలని ఇంత చేశానో, ఆయన ఈ గదిలో లేడు. మేడ మీద గొట్టం పట్టుకుని ఉన్నాడు.

"పార్వతీ, ఇంక చాలు. మామను దిగి రమ్మను. పేరు వచ్చింది, చూసుకోమను."

పార్వతి పైకి ఏదో చెప్పి, మళ్లీ కిందికి వంగింది. "దిగడంట బావా. ఇడిసిపెడితే బొమ్మ పోతాదంట."

"ఒక్క నిమిషం ఇంకెవర్నన్నా పట్టుకోమను."

ఆమె మళ్లీ పైకి చూసి మళ్లీ వంగింది. "ఆ గొట్టం ఇంకొకరు ముట్టగూడదంట. నీకు తెలియదా బావా, నాయిన సంగతి?"

తెలుసు. మామ మొండితనం ఆదోని అంతటికీ తెలుసు. ఇదెక్కడి చిక్కో చూడండి. మామ గొట్టం వదిలితే పేరు పోతుంది, గొట్టం పట్టుకుంటే పేరు చూడలేడు. పేరు చూడకపోతే నాకు పిల్ల లేదు. జనమేమో వచ్చేవాళ్లు వస్తున్నారు, పక్క వీధి నుంచి కూడా వస్తున్నారు. ఆదోనిలో వీరభద్రప్ప పేరు చూడని మనిషి వీరభద్రప్ప ఒక్కడే మిగిలేట్టున్నాడు.

తిప్పన్న గడియారం చూసుకుంటూ లేచాడు. మెట్ల దగ్గరికి పోయి, "అమ్మాయీ, సాహుకారుతో ఒక్క మాట మాట్లాడల్ల, దారి ఇడువు" అన్నాడు.

"పోగూడదు చిన్నాయినా," అంది పార్వతి వినయంగా. "నువ్వు మెట్లెక్కితే మేడ అదురుతాది. నాయిన చెయ్యి జరుగుతాది. బొమ్మ పోతే ఈడ ఇంతమంది నిన్ను ఊరికే ఇడుస్తారా?"

చాపల మీద వాళ్లు తిప్పన్న వైపు తిరిగారు. ఆయన కొంచెం వెనక్కి తగ్గాడు.

"పోనీ, బళ్లారి మాట ఏమని అడుగు."

పార్వతి పైకి మొహం పెట్టి అడిగింది. ఏమని అడిగిందో ఆ గోలలో మాకు వినపడలేదు. "మీ మాట మళ్లీ చూస్తాం, నువ్వు బస్సుకు పో అంటాండాడు," అని చెప్పింది.

"ఆయ్తు బిడు, అయిపాయ పో," అని తిప్పన్న చెప్పులేసుకున్నాడు. "పిల్లను అడగనీకి వస్తే ఇనుప గొట్టం అడ్డమొచ్చ." గొడుగు విప్పుకుని, విసవిసా బస్టాండు దారి పట్టాడు.

నేను మళ్లీ తెర వైపు తిరిగానో లేదో, కరెంటు పోయింది.

పేరు పోయింది. బొట్టు మాత్రం మిగిలింది. జనం ఉసూరుమంటూ చల్లగాలికి బయటి అరుగు మీదికి పోయారు. పైనుంచి మామ దిగాడు. ముఖం మిరప్పండులా ఉంది, అరచేతుల నిండా తుప్పు, పంచెంతా తడిసింది, కాళ్లకు అతుక్కున్న వడియాలు నడుస్తుంటే పటపటమంటున్నాయి.

"ఏమాయ?"

"కరెంటు పోయింది మామా."

"నా పేరు?"

"అదీ పోయింది మామా."

ఆయనకొక అలవాటు ఉంది. కరెంటు పోగానే టీవీ వెనక్కి పోయి స్టెబిలైజర్ ప్లగ్గు పీకేస్తాడు, లేకపోతే కరెంటు తిరిగి వచ్చేటప్పుడు ఎక్కువ ఓల్టేజీ కొట్టి టీవీ కాలిపోతుందని. అలవాటు ప్రకారం వెనక్కి వంగాడు. వంగినవాడు లేవలేదు. నాకు అప్పుడు, సరిగ్గా అప్పుడు, క్యాలెండర్ మేకు గుర్తొచ్చింది.

"అబ్బీ," అన్నాడు లోపల్నుంచి. "ఇది యాడి తీగ?"

"మేడ మీది నుంచి వచ్చే తీగ మామా."

"దీన్ని మేకుకు తగిలించినారు."

"అవును మామా. నేనే."

"టీవీకి తగిలించలేదు."

"లేదు మామా."

మామ మెల్లగా లేచి నిలబడి, తుప్పు పట్టిన తన అరచేతులు చూసుకున్నాడు. పత్తి పింజ చూసి ధర చెప్పే ఆ వేళ్లను అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"మరి ఇంతసేపూ పైన నేను పట్టుకున్నది ఏంది?"

"గొట్టం మామా."

గదిలో మేం నలుగురమే ఉన్నాం. అత్త కొంగు నోట్లో కుక్కుకుంది. పార్వతి గోడ వైపు తిరిగి నిలబడింది, భుజాలు మాత్రం కదులుతున్నాయి. నేను సాంబారు బకెట్‌ని కళ్లారా చూస్తున్నాను. పార్వతి బళ్లారి పోతుంది, నేను పంక్తిలో వంగి వడ్డిస్తాను.

బయట అరుగు మీద జనం మాటలు వినపడుతున్నాయి. "ఎంత ఓర్పప్పా సాహుకారుకు. అంత ఎండలో కదల్లేదు, మెదల్లేదు." "ఆయప్ప చెయ్యి పడినాకే గదా బొమ్మ నిలిచింది. చేతి వాసి అది."

మామ ఆ మాటలు విన్నాడు. వెళ్లి తలుపు దగ్గరికి వేశాడు. తిరిగి వచ్చి నా ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆయన గొంతు తగ్గించి మాట్లాడటం నేను అదే మొదటిసారి వినడం.

"ఈ తీగ సంగతి ఎవరెవరికి తెలుసు?"

"మన నలుగురికే మామా."

"రేపు పొద్దున యార్డులో ఇది తెలిస్తే ఏమయితాది?"

ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. పత్తి తూకం వేసేవాళ్ల నుంచి టీ అంగడి వరకు, వీరభద్రప్ప కనబడితే చాలు చెయ్యి పైకెత్తి గొట్టం పట్టుకున్నట్టు నిలబడతారు.

"నేను సెప్పను," అన్నాడు మామ లెక్క వేస్తూ. "మీ అత్త సెప్పదు. పాప సెప్పదు. మేం ముగ్గురం ఇంటోళ్లం. బయటోడివి నువ్వొక్కడివే ఉండావు."

"నేను కూడా చెప్పను మామా, ఒట్టు."

"బయటోని ఒట్టు నాకొద్దు." మామ లేచి తువ్వాలు దులిపాడు. "నువ్వు బయటోడిగా ఉండగూడదు. ఏమే, మా చెల్లెలికి కబురు చేసి లగ్నం చూడమను. తిప్పన్నకు మనిషిని పంపు, పిల్లకు కుదిరిపోయిందని సెప్పమను."

అంటే, నా చదువు చూసి కాదు, నా ఉద్యోగం చూసి కాదు, నా తెలుగక్షరాలు చూసి అసలే కాదు. నోరు మూయించడానికి నాకు పిల్లనిచ్చారు. ఇచ్చినందుకు నాకే బాధా లేదు. ఆ క్షణంలో ఆ చీకటి గదిలో నాకంటే సంతోషంగా ఉన్న మనిషి కర్నూలు జిల్లాలో ఉండడు.

కరెంటు వచ్చాక మామ పేరు మళ్లీ తెప్పించి చూపించాను. ఆయన చాలాసేపు చూశాడు. తర్వాత చెయ్యి చాచి తెర మీద వీ అనే అక్షరాన్ని వేళ్లతో తడిమి, "చేతికి తగల్లేదు గానీ, బాగుండాది," అన్నాడు.

పెళ్లయింది. కాపురం పెట్టాం. ఒకరోజు బెంగళూరులో అన్నం తింటూ నేను పార్వతితో గొప్పలు పోతున్నాను.

"ఎన్నైనా చెప్పు, మీ నాయిన అంత మొండి మనిషి లేడు. దిగి రమ్మని నేను ఎంత మొత్తుకున్నా గొట్టం వదల్లేదు."

పార్వతి కూర వడ్డించడం ఆపింది. "నువ్వు దిగి రమ్మన్నావని నాయినకు ఎవరు చెప్పినారు?"

"నువ్వే కదా చెప్పింది."

"నేను చెప్పింది వేరే. ఇంకా కొంచేపు అట్లే పట్టుకో నాయినా, బావ దండం పెడతాండాడు అని చెప్పినా."

నా చెయ్యి కంచంలోనే ఉండిపోయింది. "ఎందుకు?"

"తిప్పన్న బస్సు పోవల్ల గదా. నాయిన కిందికి వస్తే ఆయప్ప మాట తీసుకోడా?"

"అయితే, తిప్పన్నకు మీ నాయిన పైనుంచి చెప్పిన జవాబు?"

"నాయినను నేను అడిగింది, దాహమవుతాందా అని."

ఆఖరి ఆశతో అడిగాను. "తీగ టీవీకి లేదని నీకు తెలియదు కదా, పాపం?"

"నువ్వు మేకుకు తగిలిస్తాంటే నేను వెనకాలే ఉండా," అంది పార్వతి. "చెప్దామనుకున్నా. అంతలో నువ్వే యాంటెనా తిప్పల్ల అన్నావు. బావ ఇంత తెలివిగా నాయినను మేడెక్కిస్తాండాడే అని నిన్ను చూసి మురిసిపోయినా."

ఆ మురిపెం నా మీద ఇంకా ఉండనీ అని, అది తెలివి కాదని నేను ఆ రోజు చెప్పలేదు. ఇప్పుడు ఈ రాత చదివి తెలుసుకుంటుంది.

కాబట్టి పెద్దలారా, మీ అందరి సాక్షిగా, స్నానం చేసి, తూర్పు ముఖంగా కూర్చుని ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట ఏ తెర వెలగకపోయినా ఏ తీగ ఎక్కడుందో వేలితో తడిమి చూసుకోకుండా ఏ పెద్దమనిషినీ మేడ ఎక్కించను. ఎక్కించినా, చెప్పవలసిన మాట ఏదైనా ఉంటే ఎన్ని మెట్లయినా నేనే ఎక్కి చెప్పుకుంటాను గానీ, పార్వతి చేత మాత్రం ఈ జన్మలో చెప్పించను.